ఆగమన కాలం వంట పట్టిక: ఒకే పొయ్యి మీద శుక్రవారాలు, 25 రోజుల నోము, పిల్లల అలర్జీలు. ఎలా సర్దాలి?

తార్నాక వంటిల్లు

అందరికీ నమస్తే. ఈ ఏడాది (2026) ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కి ముందు ఎదురుచూసే నాలుగు వారాలు, నవంబర్ 29 ఆదివారం మొదలవుతోంది. క్రిస్మస్ దాకా వంట పట్టిక రాసుకుందామని కూర్చుంటే, ఎటు తిప్పినా ఎవరో ఒకరి కంచం ఖాళీగా మిగులుతోంది. ఇంట్లో ఏడుగురం. వివరాలు ఇవీ.

మేం రోమన్ కతోలికులం. శుక్రవారం మాంసం ముట్టం. తోడికోడలు మలంకర ఆర్థడాక్స్ సభ అమ్మాయి. డిసెంబర్ 1 నుంచి 25 రోజుల నోము పడుతుంది, అందులో మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. బాబుకి ఏడేళ్ళు. పల్లీలు, జీడిపప్పు పడవు (పరీక్షల్లో తేలింది, డాక్టర్ ఖాయం చేశారు). నువ్వులు, కొబ్బరి, పప్పులు మామూలుగానే తింటాడు. పాపకి నాలుగేళ్ళు. ఆవుపాలు, గుడ్డు పడవు. మా ఆయనకి రొయ్యలు, పీతలు పడవు గాని చేప పడుతుంది. అత్తయ్యకి 66 ఏళ్ళు, షుగర్‌కి గ్లిమిపిరైడ్ వేసుకుంటారు. అయినా ఆగమన కాలం అంతా ఒక్కపొద్దు ఉంటానంటున్నారు.

అడగాల్సినవి: అసలు ఏ రోజుల్లో ఏం మానాలి? క్రిస్మస్ శుక్రవారం పడింది, ఆ రోజు మటన్ వండొచ్చా? అందరికీ ఒకే వంటతో గడిచే దారి ఉందా? కేకు, పిండివంటల సంగతేంటి?

గన్‌ఫౌండ్రీ పాత కాపు

నియమాల సంగతి నేను చెప్తాను, వంట సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు.

రోమన్ పద్ధతిలో ఆగమన కాలానికి తప్పనిసరి ఒక్కపొద్దు లేదు. శ్రీసభ (కతోలిక సభ) చట్టం ప్రకారం ఒక్కపొద్దు విధిగా ఉండాల్సింది విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే రెండు రోజులే. అది కూడా 18 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకే. మాంసం మానడం 14 ఏళ్ళు నిండిన వాళ్ళకి, ఏడాది పొడుగునా శుక్రవారాల్లో. ఆ మానడానికి బదులు వేరే తపోక్రియ పెట్టే అధికారం ఆయా దేశాల బిషప్పుల సమాఖ్యకి ఉంది కాబట్టి మీ విచారణలో (మీ చర్చి పరిధిలో) ఏది నడుస్తోందో ఫాదర్ గారిని ఒక మాట అడగండి. ఈ లెక్కన మీ పిల్లలిద్దరికీ ఏ నియమమూ లేదు, అత్తయ్యగారికి ఒక్కపొద్దు లేదు. ఆవిడ ఉంటానంటే అది భక్తి, విధి కాదు. ఆ తేడా ఆవిడకి ఫాదర్ గారి నోటనే చెప్పించండి. కోడలు చెబితే వినే విషయం కాదిది.

పూర్వం ఈ కాలం ఇంకా కఠినంగా ఉండేది. ఆరో శతాబ్దంలో గాల్ దేశంలో (ఇప్పటి ఫ్రాన్స్) నవంబర్ 11న పునీత మార్టిన్ పండుగ అయ్యాక క్రిస్మస్ దాకా సోమ, బుధ, శుక్రవారాలు ఉపవాసమే. క్రిస్మస్ ముందురోజు ఒక్కపొద్దు మాత్రం 1966 దాకా నిలిచింది. ఆ ఏడాది ఆరవ పౌలు పోపు నియమాలు సడలించారు. అత్తయ్యగారి వయసు వాళ్ళు 24న పస్తుండటం వాళ్ళ అమ్మానాన్నల దగ్గర్నుంచి వచ్చిన అలవాటు.

తారీఖులు: శుక్రవారాలు డిసెంబర్ 4, 11, 18. మాంసం లేదు, చేప, గుడ్డు, పాలు చెల్లుతాయి. 3 గురువారం ఫ్రాన్సిస్ జేవియర్ పండుగ. 8 మంగళవారం నిష్కళంక మాత మహోత్సవం. 13 మూడో ఆదివారం, ఫాదర్లు గులాబీ రంగు వస్త్రాలు వేసుకునే ఆనంద ఆదివారం. పునీత నికొలాసు (6), పునీత లూసీ (13) ఈసారి ఆదివారాల్లో కలిసిపోయాయి కాబట్టి పూజలో వినపడరు. పిల్లల కోసం ఇంట్లో చేసుకోవచ్చు.

మటన్ ప్రశ్నకి జవాబు: నిస్సందేహంగా వండొచ్చు. మహోత్సవం (శ్రీసభ పండుగల్లో అన్నిటికంటే పెద్ద తరగతి, క్రిస్మస్ అందులోదే) శుక్రవారం పడితే మాంసం మానే నియమం ఆ రోజుకి ఎత్తేసినట్టే. శ్రీసభ చట్టం 1251వ నిబంధనలోనే ఆ మాట ఉంది.

మీ తోడికోడలి లెక్క వేరు. ఆవిడకి 8న మహోత్సవమైనా, 13న ఆనంద ఆదివారమైనా నోము ఆగదు. క్రిస్మస్ ఆరాధన అయ్యాకే విడుపు. అందుకని 24 రాత్రి మీ భోజనం, ఆవిడ భోజనం ఒకేలా ఉండవు.

ఒక గొణుగుడు, ఏమీ అనుకోకండి. డిసెంబర్ మొదటి వారం నుంచే ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో సెమీ క్రిస్మస్ బిర్యానీలు మొదలవుతాయి. ఎదురుచూడాల్సిన నాలుగు వారాల్లో మూడు వారాలు పండుగే తినేస్తున్నాం. పట్టికలో వాటికి ఒకటి రెండు రోజులకి మించి చోటివ్వకండి.

పథ్యం పట్టిక

మీ ఇంటి చిక్కుముడి ఎక్కడుందో ముందు చూడండి. 25 రోజుల నోము వంట పాపకి అతికినట్టు సరిపోతుంది, పాలూ గుడ్డూ లేవు కాబట్టి. బాబుకి అదే ప్రమాదం. మన వంటల్లో పాలు, మాంసం తీసేసిన చోటల్లా పల్లీ, జీడిపప్పు వచ్చి కూర్చుంటాయి. పులిహోరలో పల్లీ, ఉప్మాలో జీడిపప్పు, పచ్చి పులుసులో పల్లీ పొడి, గుత్తివంకాయలో పల్లీ ముద్ద, ఇడ్లీలోకి పల్లీ చట్నీ. మామూలు రోజుల కంటే నోము రోజుల్లోనే బాబు మీద ఎక్కువ కన్నుండాలి. కాబట్టి వరస ఇది: అలర్జీ ముందు, నోము తర్వాత, పండుగ ఆ తర్వాత. నోము ఒక పూట తప్పితే మర్నాడు మళ్ళీ పట్టొచ్చు.

ఈ నాలుగు వారాలూ పల్లీ, జీడిపప్పు ఇంట్లోకే రానివ్వకండి. వేరే డబ్బా, వేరే గరిటె అని పెట్టుకుంటే పండుగ హడావుడిలో నిలబడదు. జీడిపప్పు పడనివాళ్ళకి పిస్తా కూడా చాలాసార్లు పడదు, రెండూ ఒకే కుటుంబం చెట్లు. దాన్నీ తీసేయండి. గానుగ పల్లీ నూనెలో ప్రోటీన్ మిగిలి ఉంటుంది. సన్‌ఫ్లవర్ లేదా తవుడు నూనెకి మారండి.

పాలు, గుడ్డు ఇంట్లో ఉండొచ్చు, ఉమ్మడి గిన్నెలోకి మాత్రం రాకూడదు. ఉమ్మడి వంట మొత్తం నోము పద్ధతిలో, పల్లీ లేకుండా వండి దించేయండి. పాపకి, తోడికోడలికి ముందు తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాతే మిగతా వాళ్ళ పెరుగు, ఆమ్లెట్, చేప వేపుడు. నెయ్యిలో కూడా పాల ప్రోటీన్ కొద్దిగా మిగులుతుంది. లాక్టోజ్ అరగని వాళ్ళకి నెయ్యి పర్వాలేదు గాని అలర్జీ ఉన్న పాపకి పనికిరాదు. పప్పు పోపు నూనెతోనే వేసి, నెయ్యి కంచంలో వడ్డించుకోండి.

పల్లీకి బదులు చాలామంది పుట్నాలు వాడమంటారు. ఇక్కడే దెబ్బతినేది. చాలాచోట్ల పుట్నాలూ పల్లీలూ ఒకే భట్టీలో, ఒకే ఇసుకలో వేయిస్తారు. కిరాణాలో పక్కపక్క డబ్బాల్లోంచి ఒకే చేటతో తూస్తారు. పచ్చి శనగపప్పు ప్యాకెట్ కొని ఇంట్లోనే సన్న సెగ మీద 10-12 నిమిషాలు, ఎర్రబడేదాకా వేయించి పొడి చేసుకోండి. కారప్పొడులు, పిండి గిర్నీలో పట్టించే అలవాటుంటే ఈ నెల మిక్సీతో గడపండి. బేగంబజార్‌లో విడిగా తూచే కిస్‌మిస్, ఖర్జూరం కూడా అంతే, జీడిపప్పు తీసిన చెయ్యే అందులో పడుతుంది. సీల్ ఉన్న ప్యాకెట్లు తీసుకోండి.

ప్యాకెట్ మీద పచ్చ చుక్క అంటే శాకాహారం, అంతే. లోపల పాలపొడి ఉండొచ్చు. బ్రెడ్డు, రస్కు, మార్జరిన్‌లలో మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్ అన్న మాటలు వెతకండి, అన్నీ పాల నుంచి వచ్చేవే. పల్లీ, జీడి జాతి గింజలు, పాలు, గుడ్డు, చేప, రొయ్యల జాతి, సోయా, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు కలిస్తే విడిగా ప్రకటించాలని మన దేశ లేబుల్ నిబంధనల్లో ఉంది. నువ్వులు ఆ జాబితాలో లేవు. నువ్వులు పడని చుట్టాలొస్తే పదార్థాల వరస మొత్తం చదవాల్సిందే.

పిల్లలకి పాలు లేని లోటు రాగితో కొంత పూడ్చొచ్చు. మీ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మి.గ్రా. పైమాటే. నాలుగేళ్ళ పిల్లకి రోజుకి 550 కావాలి. పొద్దున రాగి జావ, సాయంత్రం నువ్వుల ఉండ, మధ్యాహ్నం తోటకూర పప్పు పెడితే చాలావరకు అందుతుంది. బాదం పాలు సొంతంగా మొదలుపెట్టకండి. బాబుకి బాదం పడుతుందో లేదో తేలేదాకా అది ఇంట్లోకి వద్దు. శనగలు, పెసలు, కందిపప్పు ఇప్పటికే తింటున్నాడు కాబట్టి పల్లీ కూడా పప్పుజాతే అన్న భయంతో అవి ఆపొద్దు.

శుక్రవారం చేప: రామ్‌నగర్ మార్కెట్‌లో గాని, మీ వీధి దుకాణంలో గాని రొయ్యలు ఒలిచిన బల్ల మీదే చేప కోస్తారు. మీ ఆయన కోసం రవ్వ గాని కొర్రమీను గాని నిండు చేప తెచ్చుకుని ఇంట్లో కోసుకోండి. బయట చేప వేపుడు వద్దు, అదే నూనెలో రొయ్యలు వేగి ఉంటాయి.

పల్లీ ముట్టిన చేతులు శానిటైజర్‌తో శుభ్రం కావు. సబ్బు, నీళ్ళే కావాలి.

డాక్టర్ రాసిచ్చిన ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటే అది ఎక్కడుందో, ఎలా వాడాలో ఇంట్లో పెద్దలందరికీ తెలియాలి. తిన్న కాసేపటికి ఊపిరి ఆడకపోవడం, గొంతు బొంగురుపోవడం, ఒళ్ళంతా దద్దుర్లతో పాటు వాంతులు, కళ్ళు తిరగడం ఉంటే ముందు ఎడ్రినలిన్ తొడ బయటివైపు, తర్వాత 108. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టండి, నిలబెట్టి నడిపించకండి. ఆయాసపడుతుంటే మాత్రం కూర్చోనివ్వండి. సిట్రిజిన్ వేసి చూద్దామని ఆగొద్దు, అది దద్దుర్లను తగ్గిస్తుంది గాని ఊపిరిని కాపాడదు.

అత్తయ్యగారు: గ్లిమిపిరైడ్ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. మందు మానేసి పస్తుండటం కూడా సొంత నిర్ణయంగా వద్దు, డాక్టర్‌తో మాట్లాడాకే. వణుకు, చెమట, తికమక కనిపిస్తే గ్లూకోమీటర్ చూడండి. 70 లోపుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకి మళ్ళీ చూడండి. ఆవిడకి మూడు పూటలా తిని, తీపి, కాఫీ, చిరుతిళ్ళు మానే పద్ధతి చెప్పి చూడండి. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, పచ్చి పులుసు అంటే అదీ తపస్సు భోజనమే.

తార్నాక వంటిల్లు

భట్టీ సంగతి అసలు తట్టలేదు, పుట్నాల డబ్బా ఈ రోజే తీసేస్తున్నా. రెండు సందేహాలు. అత్తయ్య ఆదివారం పూజకి ముందు గంటసేపు ఏమీ తీసుకోకూడదని మాత్ర కూడా వేసుకోరు. పాలు, గుడ్డు, పల్లీ, జీడి ఏవీ లేని క్రిస్మస్ కేకు నిజంగా కుదురుతుందా? కుదిరితే కొలతలు కావాలి.

గన్‌ఫౌండ్రీ పాత కాపు

దివ్య సత్ప్రసాదానికి (పూజలో స్వీకరించే అప్పానికి) ముందు గంట ఉపవాసంలో నీళ్ళు, మందులు లెక్కలోకి రావు. పైగా వృద్ధులు, జబ్బున్నవాళ్ళు ఆ గంటలో ఏమైనా తిన్నా సత్ప్రసాదం స్వీకరించొచ్చని అదే చట్టంలో 919వ నిబంధన. వాళ్ళని చూసుకునేవాళ్ళకి కూడా అదే వర్తిస్తుంది. ఆవిడ టిఫిన్ తిని, మాత్ర వేసుకుని పూజకి రావొచ్చు.

బోయిన్‌పల్లి బేకింగ్

కేకు కుదురుతుంది. 7 అంగుళాల గుండ్రటి టిన్నుకి కొలతలు:

మైదా 200 గ్రా., బేకింగ్ పౌడర్ 1 టీస్పూన్, వంట సోడా అర టీస్పూన్, దాల్చినచెక్క-లవంగం-జాజికాయ పొడి కలిపి 1 టీస్పూన్, చిటికెడు ఉప్పు. పంచదార 120 గ్రా., నూనె 80 మి.లీ., నారింజ రసం 150 మి.లీ., వెనిగర్ 1 టేబుల్ స్పూన్. నానబెట్టిన పండ్లు 200 గ్రా.: కిస్‌మిస్, గింజ తీసిన ఖర్జూరం, నారింజ తొక్కు, అల్లం మురబ్బా. రంగు కోసం ఇంకో 50 గ్రా. పంచదార కారమెల్.

పండ్లు నారింజ రసంలో ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నానితే చాలు. రమ్ములో నెలరోజులు నాననక్కర్లేదు, పిల్లలకి ఎలాగూ అదే నయం. కారమెల్‌కి పంచదార ముదురు తేనె రంగు తిరగగానే పొయ్యి ఆపి, 50 మి.లీ. వేడినీళ్ళు గిన్నె అంచు వెంబడి పోయండి. చిమ్ముతుంది, మొహం దూరం పెట్టండి. పొగ వచ్చేదాకా ఉంచితే కేకంతా చేదు.

పొడివన్నీ రెండుసార్లు జల్లించండి. తడివి విడిగా గిలక్కొట్టండి. పండ్లు వడకట్టి, గుడ్డ మీద తేమ అద్ది, జల్లించిన దాంట్లోంచి రెండు చెంచాల పిండి పట్టించండి. వడకట్టిన రసాన్ని 150 కొలతలో కలుపుకోండి గాని అదనంగా పోయకండి. అడుగున పండ్లు గడ్డకట్టి, మధ్యలో ముద్దగా ఉండే కేకులకి కారణం ఎక్కువసార్లు ఆ అదనపు రసమే. తడిలో పొడి వేసి, పిండి కనపడనంత వరకే కలపండి. గుడ్డు లేని పిండిని ఎక్కువ తిప్పితే సాగి, కేకు రబ్బరులా వస్తుంది. సోడా, వెనిగర్ కలిసిన క్షణం నుంచే గాలి బుడగలు పోతుంటాయి. ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి, కలిపిన పిండి కౌంటర్ మీద ఆగకూడదు. 165 డిగ్రీల్లో 50-60 నిమిషాలు. 40 నిమిషాలకి పైన రంగు ముదిరితే ఫాయిల్ కప్పండి. పూర్తిగా చల్లారాక చుట్టిపెట్టి, మర్నాడు కోయండి. వేడిమీద కోస్తే పొడిపొడిగా రాలిపోతుంది.

ఇది 22న చేసుకుంటే 25కి బాగుంటుంది. గుడ్డు, వెన్న కేకులా నెలరోజులు నిలవుండదు. నాలుగో రోజు తర్వాత ఫ్రిజ్.

గులాబీ పువ్వులు (అచ్చుతో వేసే పిండివంట) కూడా మీ ఇంటికి సరిపోతాయి: బియ్యప్పిండి 1 కప్పు, మైదా అర కప్పు, పంచదార పొడి అర కప్పు, కొబ్బరిపాలు సుమారు ఒక కప్పు, నువ్వులు ఒక చెంచా. పిండి గరిటె వెనక పల్చగా అంటుకోవాలి. అచ్చు నూనెలో కాగి ఉండాలి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. అచ్చు పైదాకా మునిగితే పువ్వు ఊడిరాదు. చల్లటి అచ్చుకి పిండి అసలు అంటదు. మొదటి రెండు మూడు పాడవడం మామూలే. అరిసెలు నెయ్యి బదులు నూనెలో, కజ్జికాయలు కొబ్బరి-నువ్వులు-బెల్లంతో చేసుకోవచ్చు. బయట కొన్నవి మాత్రం వద్దు, పల్లీ పొడి కలిపే ఆచారం చాలా షాపుల్లో ఉంది.

దమ్ము మూత

25న బిర్యానీ గురించి. పాప కోసం పెరుగు మానాలి కాబట్టి కచ్చి బిర్యానీకి (పచ్చి మాంసం మీదే అన్నం పరిచి దమ్ము పెట్టేది) వెళ్ళకండి. పెరుగులో పులుపు, తేమ రెండూ మాంసాన్ని దమ్ములో ఉడకనిస్తాయి. అది తీసేస్తే అన్నం అయిపోయినా ముక్క గట్టిగానే ఉంటుంది. పక్కి పద్ధతి (మాంసం ముందే ఉడికించేది) చేయండి. కిలో మటన్‌కి పచ్చి బొప్పాయి ముద్ద 2 టేబుల్ స్పూన్లు, రెండు నిమ్మకాయల రసం, అల్లం వెల్లుల్లి, ఉప్పు, కారం పట్టించి రెండు గంటలు ఉంచండి. బొప్పాయితో రాత్రంతా పెడితే ముక్క పేస్టయిపోతుంది. నూనెలో ఉల్లిగడ్డలు ఇంట్లోనే వేయించుకుని, మాంసం తొంభై పాళ్ళు ఉడికాక చిక్కటి కొబ్బరిపాలు 150 మి.లీ. పోసి, ఇక మరగనివ్వకుండా దించండి. మరిగితే విరుగుతుంది. పైన కిలో బియ్యం, డెబ్బై పాళ్ళు ఉడికినవి, 20 నిమిషాల దమ్ము.

తోడికోడలికి నోము విడుపు ఆ పూటే కాబట్టి అందరూ ఒకే గిన్నె తినొచ్చు. 8కి, 13కి మాత్రం ఇదే పద్ధతిలో ఆలుగడ్డ, పచ్చి బఠాణీ, అనపకాయ గింజలతో వండితే ఆవిడా తింటుంది. 13 గులాబీ రంగు రోజు కాబట్టి బీట్‌రూట్ తురుము వేసిన కొబ్బరిపాల పాయసం పెట్టండి, జీడిపప్పు బదులు కొబ్బరి ముక్కలు వేయించి వేయండి.

మిర్చీ సాలన్‌లో పల్లీ లేకపోతే ఎలా అనుకోకండి. పావుకిలో మిర్చికి నువ్వులు 2 టేబుల్ స్పూన్లు, ఎండు కొబ్బరి 3, ఇంట్లో వేయించిన శనగపప్పు పొడి 2. పల్లీ నూనె వదులుతుంది, శనగపప్పు నూనె పీలుస్తుంది. కాబట్టి నూనె పైకి తేలేదాకా ఆగితే అడుగంటడమే మిగులుతుంది. చింతపండు పులుసు (25 గ్రా., రెండు కప్పుల నీళ్ళు) బాగా మరిగాక, శనగపప్పు పొడి నీళ్ళలో జారుగా కలిపి చివర్లో పోయండి. ఐదు నిమిషాలు చాలు. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది, కాస్త పల్చగా ఉండగానే దించండి.

సెమీ క్రిస్మస్ విందులకి పిల్లల్ని ఇంట్లో తినిపించి తీసుకెళ్ళండి, వాళ్ళ స్వీటు వాళ్ళ డబ్బాలో. ప్లేటులోంచి జీడిపప్పు ఏరేసి పెట్టేవాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు. ఏరినా గ్రేవీలో ముద్ద ఉంటుందని ముందే చెప్పి ఉంచండి.

గన్‌ఫౌండ్రీ పాత కాపు

పట్టిక క్రిస్మస్‌తో ఆపకండి. జనవరి 1, 2027 కూడా శుక్రవారమే. ఆ రోజు దేవమాత మహోత్సవం కాబట్టి మాంసం వండుకోవచ్చు. మళ్ళీ మానాల్సింది 8 నుంచి.

తార్నాక వంటిల్లు

రాసుకున్నాను. 4వ తారీఖుకి జొన్నరొట్టె, తోటకూర పప్పు, చిక్కుడుకాయ కూర అందరికీ, రవ్వ చేప వేపుడు విడిగా పెనం మీద చివర్లో. 6న నికొలాసు పేరు మీద పిల్లలకి చాక్లెట్ నాణేల బదులు నారింజలు, నువ్వుల ఉండలు. అత్తయ్యని ఈ ఆదివారం ఫాదర్ గారి దగ్గరికి తీసుకెళ్తున్నాం.

పథ్యం పట్టిక

చేప వేపే పెనం గరుకైన ఇనుపదైతే పాప దోసెకి అదే వాడకండి. పట్టించే మసాలాలో గుడ్డు, పెరుగు వేస్తారు కదా. నాన్‌స్టిక్ గీతలు పడ్డదైనా అంతే. పాపకి ఒక చిన్న పెనం వేరే పెట్టేయండి.